పాత ఎముకల్లో డీఎన్ఏ: వేటాడి బతికిన జనాల గురించి అపోహలు, వాస్తవాలు

సేద్యం తెలియని రోజుల్లో వేటాడి, చేపలు పట్టి, కాయలూ దుంపలూ ఏరుకుని బతికిన జనాల గురించి గత పదిహేనేళ్ళలో ఎముకల్లోని డీఎన్ఏ చాలా కొత్త సంగతులు బయటపెట్టింది. వార్తల్లోకి వచ్చేసరికి మాత్రం అదంతా 'డీఎన్ఏ పరీక్షలో తేలింది' అన్న ఒక్క ముక్కగా మారిపోతుంది. తేల్చేది యంత్రం కాదు. ఏ ఎముకను తొలిచారు, ఎంత పొడి తీశారు, అందులో ఎవరి డీఎన్ఏ ఎంతుంది, దాన్ని దేనితో పోల్చారు అన్నదాని మీదే ఫలితం నిలుస్తుంది, లేదా కూలుతుంది. మాకు తరచూ ఎదురయ్యే అపోహలను ఆ వరుసలోనే తీసుకుంటున్నాం.

అపోహ: ఎముక దొరికితే చాలు, డీఎన్ఏ వచ్చేస్తుంది.

చాలా ఎముకల నుంచి పనికొచ్చే డీఎన్ఏ రాదు. మనిషి చనిపోగానే డీఎన్ఏ తెగడం మొదలవుతుంది. వేల ఏళ్ళు గడిచాక మిగిలేవి 30 నుంచి 70 అక్షరాల (డీఎన్ఏ గొలుసులోని ఏ, సీ, జీ, టీ అనే కొక్కేల) పొడవున్న తునకలు. పైగా ఎముక పొడిలో ఉండే డీఎన్ఏలో ఎక్కువ భాగం మట్టిలోంచి చేరిన బాక్టీరియాది. మనిషిది 1 శాతం కూడా లేని నమూనాలు బోలెడు.

అందుకే ముందుగా చూసేది పెట్రస్ ఎముకను. పుర్రె అడుగున, చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న భాగాన్ని కప్పి ఉంచే దట్టమైన ముక్క ఇది. అంత గట్టిగా ఉండడం వల్ల సూక్ష్మజీవులు లోపలికి చొరబడలేవు. తొడ ఎముకలోనో పక్కటెముకలోనో దొరికేదానికి ఎన్నో రెట్లు ఇక్కడ దొరుకుతుంది. అయితే పెట్రస్ అంతా ఒకటి కాదు. నత్తగుల్లను ఆనుకుని ఉన్న పొరే అసలు చోటు. ఒక సెంటీమీటరు పక్కకు జరిగితే ఫలితం పడిపోతుంది. పెట్రస్ లేకపోతే పంటి వేరుకు పైపూతగా ఉండే సిమెంటం రెండో ఎంపిక. ఆ మనిషి ఏ రోగంతో పోయాడో వెతకాలంటే మాత్రం పన్నే మేలు. రక్తంలో తిరిగిన క్రిముల డీఎన్ఏ పంటి గుజ్జులో చిక్కుకుంటుంది, పెట్రస్‌లో దాదాపు ఉండదు.

పైపొరను గీకేసి, అల్ట్రావయొలెట్ కాంతి కింద ఉంచి, డ్రిల్లును తక్కువ వేగంలో నడుపుతూ 50 మిల్లీగ్రాముల పొడి తీస్తారు. వేగం పెంచితే ఎముక వేడెక్కి, ఉన్న కాస్త డీఎన్ఏ కూడా తెగుతుంది. కాలిన వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆ పొడిని 1 మిల్లీలీటరు ద్రావణంలో వేసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పుతారు. ద్రావణంలోని ఈడీటీఏ క్యాల్షియాన్ని లాగేస్తుంది, ప్రొటీనేజ్-కె ప్రొటీన్లను కొరికేస్తుంది. తర్వాత గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్, ఐసోప్రొపనాల్ కలిపిన ద్రావణాన్ని పది రెట్లకు పైగా పోసి సిలికా పొర గుండా పంపితే డీఎన్ఏ ఆ పొరకు అతుక్కుంటుంది. ఈ పాళ్ళు ఎందుకంత ముఖ్యమంటే, తాజా రక్తానికి వాడే మామూలు కిట్లు 100 అక్షరాల లోపు తునకలను చాలావరకు జారవిడుస్తాయి. మనకు కావలసింది సరిగ్గా ఆ తునకలే. 2013లో 35 అక్షరాల తునకలను కూడా పట్టుకునేలా ఈ పాళ్ళు కుదిరాకే చాలా పాత ఎముకలు చదవడానికి లొంగాయి.

ఇంత చేసినా ఎండా తేమా కలిసిన చోట ఓటమే ఎక్కువ. హర్యానాలోని హరప్పా నాగరికత నగరం రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే ఒక్క స్త్రీ ఎముకే పనికొచ్చింది. దానిమీద వందకు పైగా లైబ్రరీలు (యంత్రం చదివేందుకు సిద్ధం చేసిన తునకల కూర్పులు) కడితే గానీ 2019లో ప్రచురించదగినంత సమాచారం రాలేదు. ఆమె కాలం సుమారు నాలుగున్నర వేల ఏళ్ళ కిందటిదే. సైబీరియా చలిలో, అక్కడి మాల్టా అనే ఊళ్ళో దొరికిన బాలుడి ఎముక 24,000 ఏళ్ళు నిలిచింది. ఎంత పాతది అన్నదానికన్నా ఎంత వేడిలో ఉంది అన్నదే పెద్ద ప్రశ్న.

అపోహ: డీఎన్ఏ పాడైపోయింది కాబట్టి ఆ ఫలితాన్ని నమ్మలేం.

ఆ పాడైపోవడమే మనకు సాక్ష్యం. తెగిన తునకల కొసల్లో రెండు పోగుల్లో ఒకటే మిగిలిన చోట సైటోసిన్ ('సీ' అక్షరం) కాలక్రమంలో యురాసిల్‌గా మారుతుంది. చదివే యంత్రానికి అది థైమిన్‌లా ('టీ' అక్షరంలా) కనిపిస్తుంది. కాబట్టి తునక మొదట్లో 'సీ' ఉండాల్సిన చోట 'టీ' ఎక్కువగా కనిపిస్తూ, లోపలికి పోయే కొద్దీ అది తగ్గాలి. వేల ఏళ్ళ నాటి ఎముకల్లో మొదటి అక్షరం దగ్గర ఈ మార్పు 10 శాతం దాటడం, ఒక్కోసారి 30, 40 దాకా పోవడం మామూలే. తవ్వినవాళ్ళ చెమట నుంచి చేరిన డీఎన్ఏలో ఇది ఉండదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆ గుర్తు కనిపిస్తే పాత డీఎన్ఏ 'ఉంది' అని అర్థం, 'అంతా పాతదే' అని కాదు. అందుకే ఇంకో రెండు లెక్కలు చేస్తారు. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి వైపు నుంచి ఒకే రకంగా వస్తుంది కాబట్టి, అందులో రెండు రకాలు కలగలిసి కనిపిస్తే రెండో మనిషి దూరినట్టు. మగవాళ్ళకు ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే. అందులో ఒకే స్థానంలో రెండు వేర్వేరు అక్షరాలు పదేపదే వస్తే అదీ కల్తీయే. కల్తీ 5 శాతం దాటిన నమూనాను మామూలుగా పక్కన పెడతారు, లేదంటే పాడు గుర్తులున్న తునకలను మాత్రమే ఏరి లెక్కిస్తారు. ఎముక పొడి వేయని ఖాళీ గొట్టాన్ని కూడా ప్రతి విడతలో మొదటి నుంచి చివరి దాకా నడపాలి. అందులో మనిషి డీఎన్ఏ తేలితే ఆ విడత మొత్తాన్ని అనుమానించాలి.

యురాసిల్‌ను తీసేసే యూడీజీ ఎంజైమును పూర్తిగా వాడితే తప్పులు పోతాయి, సాక్ష్యమూ పోతుంది. అందుకని కొసల్లో కాస్త మిగిల్చి లోపలంతా శుభ్రం చేసే సగం మోతాదు పద్ధతి 2015 నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. మా దృష్టిలో అన్నివిధాలా తెలివైన రాజీ అదే.

అపోహ: జీనోం మొత్తం చదివేశారు.

అరుదుగా. జీనోం అంటే ఒక మనిషి డీఎన్ఏ అంతా. ఎక్కువ నమూనాల్లో ముందే ఎంచుకున్న దాదాపు 12.4 లక్షల స్థానాలకు ఎర వేసి, వాటికి అతుక్కున్న తునకలనే చదువుతారు. అందులోనూ చాలా స్థానాలు ఖాళీగా మిగులుతాయి. మిగతా చోట్ల ఒక్కో తునకే దొరుకుతుంది కాబట్టి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అని రెండు అక్షరాలు రాయకుండా ఒక్కటే రాస్తారు. జనాల మధ్య పోలికలకు ఇది చాలు. ఒక మనిషికి ఫలానా జబ్బు ఉండేదని చెప్పడానికి చాలదు.

అపోహ: వేట-సేకరణ జనాలంతా ఒకే జాతి.

ఐరోపానే చూడండి. రుమేనియాలోని ఒయాసే గుహలో దొరికిన సుమారు 40,000 ఏళ్ళ నాటి మనిషికి నాలుగు నుంచి ఆరు తరాల వెనక నియాండర్తల్ (అంతరించిపోయిన మరో మానవజాతి) పూర్వీకుడు ఉన్నాడు. అతని జనం మాత్రం తర్వాతి ఐరోపా వాళ్ళలో గుర్తించదగినంతగా మిగల్లేదు. 2023లో 356 మంది వేట-సేకరణ మనుషుల డీఎన్ఏను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఇంకా ఆసక్తికరమైనది బయటపడింది. గ్రావెట్టియన్ అని పిలిచే ఒకే రాతి పనిముట్ల సంస్కృతిలో పడమటి వాళ్ళు ఒక రకం, మధ్య ఐరోపా, ఇటలీ వాళ్ళు మరో రకం. మొదటివాళ్ళకు ఫ్రాన్స్‌లోని ఫుర్నోల్ పేరు, రెండోవాళ్ళకు చెక్ దేశంలోని వెస్టొనిత్సే పేరు పెట్టారు. పనిముట్లు ఒకటే, మనుషులు వేరు.

తర్వాత మంచుయుగం తీవ్రమైంది. పడమటి జనం ఇప్పటి స్పెయిన్, ఫ్రాన్స్ నైరుతి భాగాల్లో నెగ్గుకొచ్చారు. ఇటలీలో తలదాచుకున్నారని అనుకున్న వెస్టొనిత్సే జనం ఆనవాలు ఆ తర్వాత అక్కడ కనిపించదు. వాళ్ళ స్థానంలో ఇటలీలోని విల్లాబ్రూనా పేరుతో పిలిచే కొత్త జనం ఉన్నారు. సుమారు 14,000 ఏళ్ళ కిందట వాళ్ళకు దగ్గరి జనం ఆల్ప్స్‌కు ఉత్తరాన కూడా పరుచుకున్నారు. తూర్పున రష్యా వైపు వాళ్ళు మళ్ళీ వేరు. ఈ పేర్లన్నీ ఎముకలు దొరికిన ఊళ్ళవి, వాళ్ళు తమను తాము పిలుచుకున్న పేర్లు కావు. డీఎన్ఏ పోలికలను గీసిన గ్రాఫు మీద దగ్గరగా పడిన చుక్కల గుంపుకు వేలాడదీసిన చీటీలు అంతే. ఆ చీటీని తెగ పేరుగా చదవడమే అసలు ప్రమాదం.

అపోహ: చిన్న గుంపులు కాబట్టి దగ్గరివాళ్ళనే పెళ్ళాడి ఉంటారు.

దీన్ని కొలవడానికి మన మేనరికాల లెక్కే పనికొస్తుంది. తల్లి వైపు, తండ్రి వైపు ఒకే పూర్వీకుడి నుంచి అదే ముక్క అందితే, ఆ పొడవునా రెండు ప్రతులూ అచ్చం ఒకేలా ఉంటాయి. మేనబావను చేసుకుంటే పుట్టే బిడ్డ జీనోంలో సగటున పదహారో వంతు ఇలా ఉంటుంది, మేనమామను చేసుకుంటే ఎనిమిదో వంతు. పొడుగాటి ముక్కలు కొన్ని ఉంటే దగ్గరి చుట్టరికం. పొట్టి ముక్కలు బోలెడు ఉంటే తరతరాలుగా జనాభా తక్కువని అర్థం. ఈ రెండూ వేరు.

వేట-సేకరణ జనాల్లో కనిపించేది ఎక్కువగా రెండోది. 2021లో 1,785 మంది పురాతన మనుషుల్లో వెతికితే, తోబుట్టువుల పిల్లలో అంతకన్నా దగ్గరివాళ్ళో తల్లిదండ్రులైనట్టు చూపే పొడుగాటి ముక్కలు 54 మందిలోనే కనిపించాయి, అంటే 3 శాతం. రష్యాలోని సుంగీర్‌లో 34,000 ఏళ్ళ కిందట, మామత్ (అంతరించిన బొచ్చు ఏనుగు) దంతపు పూసలు వేలకొద్దీ కుట్టి, తలా తలా ఆనించి పూడ్చిన ఇద్దరు పిల్లలను తోబుట్టువులని చాలాకాలం అనుకున్నారు. ఒకరు ఆడపిల్ల అన్నారు. 2017లో డీఎన్ఏ చూస్తే ఇద్దరూ మగపిల్లలే, దగ్గరి చుట్టాలు కూడా కారు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో తెవియెక్, హోయెదిక్ సమాధుల్లోనూ అంతే. పక్కపక్కన పడుకోబెట్టినవాళ్ళలో చాలామందికి రక్తసంబంధం లేదు. గుంపు చిన్నదే, పెళ్ళి సంబంధాలు మాత్రం దూరం నుంచి తెచ్చుకునేవారు.

ఈ ముక్కలను వెతకడానికి నేటి మనుషుల జీనోములతో పోల్చుకోవాలి. అందుకు వాడే వెయ్యి జీనోముల ప్రాజెక్టులోని 26 జన సమూహాల్లో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళదీ ఒకటి.

అపోహ: చెడ్డార్ మనిషి నల్లవాడని డీఎన్ఏ రుజువు చేసింది.

ఇంగ్లండ్‌లోని గఫ్ గుహలో 1903లో దొరికిన సుమారు 10,000 ఏళ్ళ నాటి మనిషి బొమ్మను 2018లో ముదురు చర్మం, లేత రంగు కళ్ళతో చూపించారు. అది సంభావ్యత, ఫొటో కాదు. చర్మం రంగును కొన్ని పదుల స్థానాలను బట్టి అంచనా కడతారు. ఆ అంచనా నేటి జనాల మీద తయారైంది. ఐరోపాలో లేత చర్మానికి ముఖ్యమైన రెండు మార్పులు పడమటి వేట-సేకరణ జనాల్లో దాదాపు లేవన్నది మాత్రం గట్టి సంగతే. స్పెయిన్‌లోని లా బ్రాన్యా మనిషిలోనూ అదే కనిపించింది. అయితే ఆ రెండింట్లో ఒకటైన ఎస్ఎల్‌సీ24ఏ5 జన్యువులోని మార్పు తెలుగువాళ్ళలో కూడా చాలామందికి ఉంది. మన ఇళ్ళలోనే ఎన్ని ఛాయలున్నాయో చూస్తే, ఒకటి రెండు జన్యువులతో మనిషి రంగు గీయడం ఎంత కష్టమో తెలుస్తుంది.

అపోహ: ఎముక లేకపోతే డీఎన్ఏ లేనట్టే.

డెన్మార్క్‌లోని సిల్ట్‌హోమ్ దగ్గర 5,700 ఏళ్ళ కిందట ఒకామె నమిలి ఉమ్మిన బర్చ్ చెట్టు బెరడును కాచి తీసిన బంకలోంచి 2019లో ఆమె జీనోం మొత్తం వచ్చింది. సేద్యం ఆ ప్రాంతానికి చేరుతున్న రోజుల్లో కూడా ఆమెది వేట-సేకరణ వంశమే. రైతులు రాగానే పాతవాళ్ళు మాయమయ్యారన్న మాటకు ఇదీ ఒక జవాబు. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన జింక పంటి లాకెట్‌ను 2023లో తొలవకుండానే చదివారు. ఫాస్ఫేట్ ద్రావణంలో ఉంచి మెట్లుమెట్లుగా 90 డిగ్రీల దాకా వేడి చేస్తే జింక డీఎన్ఏతో పాటు దాన్ని ధరించిన స్త్రీ డీఎన్ఏ కూడా బయటికొచ్చింది.

అపోహ: అండమాన్‌లోని ఓంగీ తెగవాళ్ళే దక్షిణ భారతీయుల పూర్వీకులు.

2009లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధన నేటి భారతీయుల్లో రెండు పాత వంశధారలను విడదీసింది. దక్షిణాది ధారకు అడుగున ఉన్న పాత వేట-సేకరణ జనాన్ని నేటి మనుషుల జీనోముల నుంచి లెక్కకట్టి ఊహించారు, ఏదో ఎముకలోంచి నేరుగా చదవలేదు. ఆ లెక్కలో ఓంగీలను వాడేది, అందుబాటులో ఉన్నవాళ్ళలో వాళ్ళు దగ్గరివాళ్ళు కాబట్టి. ప్రధాన భూభాగపు జనం నుంచి వాళ్ళు విడిపోయి పదుల వేల ఏళ్ళయింది. వాళ్ళు మనకు ఎంతో దూరపు దాయాదులు, తాతలు కారు.

అపోహ: ఎముకను శుభ్రంగా కడిగి ల్యాబుకు పంపాలి.

నంద్యాల జిల్లా జ్వాలాపురంలాంటి చోట, 35,000 ఏళ్ళ నాటి సూక్ష్మరాతి పనిముట్లు దొరికిన నేలలో, మనిషి ఎముక బయటపడితే చేయాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నీళ్ళు తగిలితే తవ్వినవాళ్ళ చేతుల డీఎన్ఏ రంధ్రాల్లోకి దిగుతుంది, ఉన్నది కొట్టుకుపోతుంది. మాస్కు, రెండు జతల గ్లవ్స్ వేసుకుని తీయాలి. మట్టిని దులపకూడదు, బంక పూయకూడదు, ఎండలో ఆరబెట్టకూడదు. నీడలో ఆరనిచ్చి కాగితపు సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్‌లో తేమ పట్టి బూజు వస్తుంది. తొలవక ముందే సీటీ స్కాన్ తీసి రూపాన్ని భద్రపరచాలి. కార్బన్‌తో వయసు లెక్కకట్టడానికి కూడా అదే మనిషి ఎముక వాడాలి. చేపలు ఎక్కువ తిన్న మనిషైతే తేదీ వందల ఏళ్ళు పాతదిగా చూపిస్తుంది కాబట్టి ఏం తిన్నాడో తెలిపే నైట్రోజన్ ఐసోటోపులూ కొలవాలి. కుడి, ఎడమ పెట్రస్‌లు రెండూ ఉంటే ఒకదాన్నే తొలిచి, రెండోదాన్ని ముట్టకుండా దాచాలి.