తేనెపట్టులో తోడు

గుడ్డు పెట్టిన 21వ రోజున మైనపు మూతను కొరుక్కుని గదిలోంచి బయటికి వచ్చే కూలి తేనెటీగ కడుపులో బాక్టీరియా దాదాపు ఉండదు. పిల్లపురుగుగా ఉన్నప్పుడు మేత వెంట ఏవైనా సూక్ష్మజీవులు లోపలికి చేరినా, ప్యూపాగా మారే ముందు అది పేగులో ఉన్నదంతా విసర్జిస్తుంది. తరువాత పేగు లోపలి పొర కూడా కొత్తగా ఏర్పడుతుంది. అలా ఖాళీ పేగుతో బతుకు మొదలుపెట్టిన ఈగలో నాలుగు నుంచి ఆరు రోజులు తిరిగేసరికి కోట్ల సంఖ్యలో బాక్టీరియా కాపురం పెడుతుంది. ఎదిగిన ఈగలో ఆ సంఖ్య సుమారు 100 కోట్లు ఉంటుంది.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు మన వంటింట్లోనే ఉంది. పాలను ఊరికే వదిలేస్తే విరుగుతాయే గాని మంచి పెరుగు కావు. నిన్నటి పెరుగులోంచి చెంచాడు తోడు వేయాలి, ఇంట్లో లేకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లాలి. కొత్త ఈగకు ఆ తోడు పట్టులో ముందే ఉన్న అక్కల నుంచి అందుతుంది. ఈగలు నోటితో నోటికి ఆహారం అందించుకుంటాయి కాబట్టి బాక్టీరియా కూడా ఆ దారినే వస్తుందని అనుకోవడం సహజం. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇంకా బయటికి రాని ఈగలను పట్టు నుంచి వేరుచేసి, వాటిని రకరకాల పద్ధతుల్లో పెంచి చూశారు. నోటి మేత ఒక్కటే అందిన ఈగల్లో ఈ బాక్టీరియా సరిగా కుదురుకోలేదు. పెద్ద ఈగలతో కలిసి తిరిగినవాటిలోను, పెద్ద ఈగల వెనుక పేగులోని పదార్థం అందినవాటిలోను చక్కగా కుదురుకుంది. చెప్పుకోవడానికి సొగసుగా లేకపోయినా, తోడు వచ్చేది మలం దారిన.

మన పేగుల్లో వందలాది జాతుల సూక్ష్మజీవులుంటాయి. కూలి ఈగ పేగులో మాత్రం ఎనిమిది, తొమ్మిది సమూహాలే 95 శాతానికి పైగా ఆక్రమిస్తాయి. లోకంలో ఏ మూలన ఇటాలియన్ తేనెటీగను పట్టి చూసినా ఇంచుమించు ఇదే కుటుంబం కనిపిస్తుంది. వీటిలో ముఖ్యమైన రెండింటికి పరిశోధకులు వాల్డన్ క్వాంగ్, నాన్సీ మోరన్ 2013లో స్నాడ్‌గ్రాసెల్లా, గిల్లియమెల్లా అని పేర్లు పెట్టారు. మొదటి పేరు కీటకాల శరీర నిర్మాణాన్ని వర్ణించిన రాబర్ట్ స్నాడ్‌గ్రాస్‌ను, రెండవది తేనెటీగల సూక్ష్మజీవులపై దశాబ్దాల పాటు పరిశోధించిన మార్తా గిల్లియమ్‌ను గుర్తుచేస్తాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోని రోజుల్లో ఆ పని చేసిన మనిషికి ఇంతకన్నా తగిన సత్కారం ఉండదేమో.

ఈ రెండూ నివసించే చోటు మధ్య పేగుకు, పురీషనాళానికి నడుమ ఉండే సన్నని గొట్టం. స్నాడ్‌గ్రాసెల్లా గోడకు అతుక్కుని పొరలా పరుచుకుంటుంది. దాని మీద గిల్లియమెల్లా మరో పొరగా పేరుకుంటుంది. గోడ వైపు నుంచి వచ్చే ప్రాణవాయువును కింది పొర వాడేసుకోవడం వల్ల, గాలి లేకుండా పులియబెట్టే బాక్టీరియాకు లోపల అనువైన చోటు ఏర్పడుతుంది. కింది పొర చక్కెరలను ముట్టదు, సేంద్రియ ఆమ్లాలతోనే బతుకుతుంది. పై పొరకు చక్కెరలే ఆహారం. ఒకే పంచన ఉన్నా రెండింటికీ ఒకే కంచం దగ్గర తగవు రాదు.

ఈగకు వీటి వల్ల ఒరిగేదేమిటో తెలియాలంటే పుప్పొడి రేణువును చూడాలి. మాంసకృత్తులు, కొవ్వులు అందులోనే ఉన్నా, దాని పైపెంకు ఏ జీర్ణరసానికీ లొంగనంత గట్టిది, లోపలి గోడలో పెక్టిన్ దండిగా ఉంటుంది. పండ్ల రసాన్ని జామ్‌గా బిగించే పదార్థం ఈ పెక్టినే. దాన్ని విడగొట్టే జన్యువులు గిల్లియమెల్లాలో ఉన్నాయి. మరికొన్ని మొక్కల పీచుల సంగతి బైఫిడోబాక్టీరియా అనే మరో సమూహం చూసుకుంటుంది. మనోస్ అనే చక్కెరను ఈగ వాడుకోలేదు. అది ఒంట్లో పేరుకుంటే ఈగకు విషమవుతుంది. గిల్లియమెల్లాలోని కొన్ని రకాలు ఆ విషాన్నే మేతగా చేసుకుంటాయి. 2017లో మోరన్ బృందం బాక్టీరియా లేని ఈగలను, ఉన్న ఈగలను పక్కపక్కన పెంచి చూసినప్పుడు, బాక్టీరియా ఉన్నవే ఎక్కువ బరువు పెరిగాయి. పోషకాల నిల్వకు ఆధారమైన విటెల్లోజెనిన్, ఇన్సులిన్ సంకేతాలకు సంబంధించిన జన్యువులు కూడా వాటిలో ఎక్కువ చురుగ్గా ఉన్నాయి. అంటే పేగులోని ఈ గుంపు ఈగ ఆకలిని, తీపి రుచిని పట్టే తీరును కూడా మారుస్తున్నది.

అయితే లోపల ఉన్నవన్నీ చుట్టాలేనని చెప్పలేం. ఫ్రిషెల్లా అనే మరొకటి వెనుక పేగు మొదట్లో చేరి, అక్కడ నల్లని మచ్చ కట్టేలా ఈగ రక్షణ వ్యవస్థను రెచ్చగొడుతుంది. అది ఈగకు మేలో కీడో ఒక్కమాటలో తేల్చలేం.

ఇంత కుదురుగా ఉన్న కాపురాన్ని చెదరగొట్టడానికి పెద్ద విపత్తు అక్కరలేదు, మందు చాలు. పిల్లపురుగులను కుళ్లబెట్టే ఫౌల్‌బ్రూడ్ తెగులుకు అమెరికా పెంపకందారులు 1950ల నుంచి ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడుతూ వచ్చారు. ఫలితంగా అక్కడి ఈగల పేగు బాక్టీరియాలో ఆ మందును తట్టుకునే జన్యువులు పేరుకున్నాయని, ఆ వాడకం లేని దేశాల ఈగల్లో అవి అరుదని 2012లో తేలింది. 2017లో కేసీ రేమన్, మోరన్ మరో ప్రయోగం చేశారు. కొన్ని ఈగలకు అదే కోవకు చెందిన టెట్రాసైక్లిన్ ఇచ్చి, గుర్తులు పెట్టి తిరిగి పట్టులోకి వదిలారు. మూడు రోజుల తరువాత వెతికితే, మందు తీసుకోని ఈగల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఉన్నాయి. మందు తీసుకున్నవాటిలో మూడింట ఒక వంతు మాత్రమే మిగిలాయి. ఈగలను నేరుగా చంపింది మందు కాదు. కాపలాదారులు పోయిన ఇంట్లోకి సెర్రేషియా వంటి అవకాశవాద బాక్టీరియా జొరబడడం అందుకు ఒక కారణం. తెగులు వచ్చిందో లేదో చూడకుండా ముందుజాగ్రత్త పేరుతో మందు పోయడం ఎంత ఖరీదైన జాగ్రత్తో దీన్ని బట్టి ఊహించవచ్చు.

మన దేశంలోనూ 2010లో తేనెలోని యాంటీబయాటిక్ అవశేషాలపై పెద్ద చర్చ జరిగింది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షించిన 12 నమూనాల్లో 11 నమూనాల్లో అవి బయటపడ్డాయి. ఐరోపా సమాఖ్య భారతీయ తేనె దిగుమతిని కొంతకాలం ఆపివేసింది. ఆ చర్చ అంతా తేనె తినే మనిషి కడుపు గురించే సాగింది. ఆ మందు ముందుగా ఎవరి కడుపులోంచి వచ్చిందో అప్పుడు ఎవరికీ పట్టలేదు.

కలుపు మందు కథ ఇంకొంచెం చిత్రమైనది. గ్లైఫోసేట్ అనే ఆ మందు అడ్డుకునే ఎంజైము మొక్కల్లో, అనేక సూక్ష్మజీవుల్లో ఉంటుంది గాని జంతువుల్లో ఉండదు. ఆ తర్కంతోనే అది తేనెటీగలకు హాని చేయదని భావించారు. కానీ స్నాడ్‌గ్రాసెల్లాలో ఆ ఎంజైము ఉంది. పొలాల్లో ఎదురయ్యే మోతాదుల్లో గ్లైఫోసేట్ తాగిన ఈగల్లో స్నాడ్‌గ్రాసెల్లా తగ్గిపోయిందని, అటువంటి లేత ఈగలకు సెర్రేషియా సోకినప్పుడు ఎనిమిది రోజుల తరువాత సుమారు పదింట ఒక వంతే బతికి ఉన్నాయని, కలుపు మందు తగలని ఈగల్లో దాదాపు సగం నిలిచాయని 2018లో ఎరిక్ మోటా బృందం ప్రకటించింది. ఇది ప్రయోగశాలలో వచ్చిన ఫలితం. పట్టులు ఖాళీ కావడానికి గ్లైఫోసేటే కారణమని దీన్ని చూపి వాదించడం తొందరపాటు. కానీ ఒక రసాయనం జీవికి హాని చేస్తుందా అని అడిగేటప్పుడు ఆ జీవి ఒంటినే కాక, దాని పేగులోని కాపురాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్న సంగతి ఈ ప్రయోగంతో స్పష్టమైంది.

పోయిన బాక్టీరియాను తిరిగి పెట్టలేమా అంటే, మన పెరుగు పోస్తే సరిపోదు. ఇతర జీవుల నుంచి తెచ్చిన లాక్టోబాసిల్లస్ ఈగ పేగులో నిలదొక్కుకోలేదు. తుమ్మెద జాతి ఈగల నుంచి తీసిన స్నాడ్‌గ్రాసెల్లా కూడా తేనెటీగలో సరిగా కుదురుకోదు. తేనెటీగలు, బంబుల్ తుమ్మెదలు, కుట్టని తేనెటీగలు ఒకే మూలం నుంచి విడిపోయి సుమారు 8 కోట్ల సంవత్సరాలైంది. వాటితోపాటే వాటి బాక్టీరియా కూడా శాఖలుగా చీలింది. ఒకే పొద్దుతిరుగుడు పువ్వు మీద మన నాటు తేనెటీగ, కొండ తేనెటీగ, పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగ వాలినా, దేని తోడు దానిదే.

అందుకే పెట్టెను రెండుగా చీల్చేటప్పుడు అనుభవం ఉన్న పెంపకందారు కొత్త పెట్టెలో ఖాళీ చట్రాలు పేర్చి ఊరుకోడు. పిల్లలున్న చట్రాన్ని దాని మీద ముసురుకుని ఉన్న ఈగలతో సహా ఎత్తి పెడతాడు. పిల్లలను పొదిగి మేపే చేతులు కావాలన్నదే అతడి లెక్క. రేపు మూత కొరుక్కుని బయటికి వచ్చే ఈగకు కావలసిన తోడు కూడా అదే చట్రం మీద కొత్త పెట్టెకు చేరుతుంది.