పీట్ హిల్ ఆట 1920లో మొదలు కాలేదు

పాత పత్రికల మైక్రోఫిల్మ్ చూసి నీగ్రో లీగ్ (అమెరికా పెద్ద లీగ్‌లు నల్లజాతి వాళ్లను దూరం పెట్టిన రోజుల్లో వాళ్లు ఆడిన బేస్‌బాల్ లీగ్‌లు) బాక్స్ స్కోర్లు, అంటే ఒక్కో మ్యాచ్‌లో ఎవరేం చేశారో చెప్పే లెక్కలు, ఎత్తి రాయడం నా పని. 2024 మే నెలలో అమెరికాలోని అగ్రశ్రేణి లీగ్ మేజర్ లీగ్ బేస్‌బాల్ ఈ లెక్కలను తన అధికారిక రికార్డుల్లో కలుపుకున్నప్పటి నుంచి నల్లజాతి ఆటగాడు పీట్ హిల్ గురించి అందరూ అడిగేది ఒకటే: "హిల్ అంత గొప్ప ఔట్‌ఫీల్డర్ అయితే ఇంత తక్కువ మ్యాచ్‌లేమిటి?"

అపోహ: అధికారిక పట్టికలో కనిపించేదే ఆటగాడి మొత్తం కెరీర్.

వాస్తవం: ఆ పట్టిక 1920-1948 మధ్య నడిచిన ఏడు లీగ్‌లది మాత్రమే. హిల్ పుట్టింది 1882లో. ఆ ఏడింటిలో మొదటిదైన నీగ్రో నేషనల్ లీగ్‌ను రూబ్ ఫోస్టర్ 1920లో పెట్టేనాటికి హిల్‌కు ముప్పై ఏడేళ్లు, డెట్రాయిట్ స్టార్స్‌కు ఆడుతూనే మేనేజర్‌గా కూడా ఉన్నాడు. ఫిలడెల్ఫియా జెయింట్స్, లీలాండ్ జెయింట్స్, షికాగో అమెరికన్ జెయింట్స్‌లో ఆయన ఆడిన మంచి వయసంతా అప్పటికే గడిచిపోయింది. ఆ రోజుల్లో ఆ జట్లకు పట్టికలోకి ఎక్కే లీగే లేదు. పొద్దువాలాక ఆడిన ఆట చూసి "మామూలు ఆటగాడే" అని తేల్చేసేవాళ్లతో నాకు ఓపిక లేదు.

భయపడి అడిగేవాళ్ల సంగతి వేరు. ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "మా తాతగారి పేరు పట్టికలో లేదు, మా నాన్న చెప్పినవన్నీ కట్టుకథలా?" అన్నారు. ఏ సంవత్సరమని అడిగితే 1912 అన్నారు. కట్టుకథ కాదమ్మా, ఆ ఏడాది పట్టికలోనే లేదు అని చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

ఊరూరా తిరిగి ఆడిన మ్యాచ్‌లు కలిపి అంకెలు పెంచారన్నది ఒట్టి పుకారు. నీగ్రో లీగ్ ఆటగాడు జోష్ గిబ్సన్ .372 కెరీర్ బ్యాటింగ్ సగటుతో, అంతవరకు మేజర్ లీగ్ రికార్డుగా ఉన్న టై కాబ్ .367ను దాటింది లీగ్ మ్యాచ్‌లతోనే. అభిమానులకూ ఒక మాట: 1911లో హిల్ 116 మ్యాచ్‌లకు 115లో హిట్ కొట్టాడన్న లెక్కలో అన్ని స్థాయిల ప్రత్యర్థులూ ఉన్నారు. దాన్ని లీగ్ సగటుల పక్కన పెట్టకండి.

మీ వాళ్ల కోసం 1920కి ముందు వెతకాలంటే షికాగో డిఫెండర్, ఇండియానాపొలిస్ ఫ్రీమన్ వంటి నల్లజాతి వారపత్రికలు తిరగేయండి. బాక్స్ స్కోరులో చాలావరకు ఇంటిపేరే ఉంటుంది. సొంత పేరు దొరికినా వెంటనే నమ్మకండి. 2006లో బేస్‌బాల్ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన హిల్ ఫలకం మీదే "జోసెఫ్" అని చెక్కారు. అది "జాన్ ప్రెస్టన్ హిల్"గా మారింది 2010లో.