పైపోర్షన్ అద్దె వెనుక ఉన్న చట్టాల కథ

విజయనగరం కంటోన్మెంటులోనైనా, కోట చుట్టుపక్కల వీధుల్లోనైనా అద్దెకిచ్చే ఇల్లంటే చాలాచోట్ల యజమాని కింద ఉంటూ పైన వేసుకున్న ఒక్క పోర్షనే. ఉద్యోగ విరమణ డబ్బుతో కట్టిన ఆ పోర్షన్ అద్దె మీద నెల గడుపుకునే వృద్ధులూ ఉన్నారు. మన అద్దె చట్టాలు ఈ యజమానిని దృష్టిలో పెట్టుకొని రాసినవి కావు.

రెండో ప్రపంచ యుద్ధకాలపు ఇళ్ల కొరతలో, ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, అద్దెలపై అదుపు మొదలైంది. 1946, 1949 మద్రాసు చట్టాల తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. అద్దె ఎగవేతో, అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వడమో, యజమాని సొంత అవసరమో అద్దె తగాదాలు విచారించే అధికారి అయిన రెంట్ కంట్రోలర్ ముందు రుజువైతేనే ఇల్లు ఖాళీ చేయించడం సాధ్యమయ్యేది. ఇళ్ల కొరత కాలంలో అద్దెదారుకు ఆ రక్షణ న్యాయమే. అయితే పది ఇళ్లున్న ఆసామికీ, ఒక్క పోర్షన్ ఉన్న మాస్టారికీ రుజువు భారం ఒకటే అయింది.

కొత్త ఇళ్ల నిర్మాణాన్ని ప్రోత్సహించడానికి 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలను ఆ చట్టం మినహాయించింది. తాత్కాలికంగా ఉండవలసిన మినహాయింపు దశాబ్దాలపాటు కొనసాగడం సమానత్వానికి విరుద్ధమని మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు 1983లో దాన్ని కొట్టివేసింది. 2005 సవరణ మరో గీత గీసింది: కార్పొరేషన్లలో నెలకు 3,500, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలు దాటిన అద్దెలకు 1960 చట్టం వర్తించకుండా పోయింది. విజయనగరం, శ్రీకాకుళం అప్పటికి మున్సిపాలిటీలే కనుక ఇక్కడ హద్దు 2,000 అయింది. ఏటా అద్దెలు పెరిగాయి గానీ ఆ అంకె పెరగలేదు. దాంతో గీత దాటిన ఇంటి యజమాని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద 15 రోజుల నోటీసిచ్చి సివిల్ కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. అద్దెదారు సరసమైన అద్దె కోరే హక్కును కోల్పోయాడు. నోటీసు పక్షంలో ముగుస్తుంది, దావాకూ అప్పీలుకూ ఏళ్లు పడతాయి.

ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయాలన్న 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే పదకొండు నెలల అగ్రిమెంటు అలవాటుకు మూలం. ఆ కాగితాన్నీ చాలామంది తిరిగి రాసుకోరు, అద్దెకు రశీదు ఉండదు, తగాదా వచ్చినప్పుడు ఇద్దరి దగ్గరా ఆధారం దొరకదు.

రాష్ట్రం 2017లో కొత్త అద్దె చట్టం చేసింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టం నివాసాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసి, గడువు దాటినా ఖాళీ చేయని వారు తొలి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు చెల్లించాలంది. నమూనా దానంతటదే అమలులోకి రాదు, రాష్ట్రాలు స్వీకరించాలి. స్వీకరించినా, నోటిమాట మీద పోర్షన్ ఇచ్చిన యజమానికి ముందుగా కావలసింది రాతపూర్వక ఒప్పందం, దాన్ని నమోదు చేసుకొని తగాదాను నెలల్లో తేల్చే అధికారి సొంత ఊళ్లోనే అందుబాటులో ఉండడం.