పాత ఆట, కొత్త ల్యాప్‌టాప్, మధ్యలో దుబాసీ

ప్రియమైన పిల్లలూ,

సెలవుల్లో మీలో ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “తాతయ్యా, ప్లేస్టేషన్ 2 వచ్చింది 2000లో. మా ల్యాప్‌టాప్ దానికన్నా ఎంతో కొత్తది. మరి దాని ఆట ఇందులో ఎందుకు ఈడుస్తోంది? పాట కూడా గరగరమంటోంది.”

లెక్క చూస్తే ఈ అనుమానం సబబే. ప్లేస్టేషన్ 2 ఒక కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడే ఆటల యంత్రం. ఆ కన్సోల్ ప్రధాన ప్రాసెసర్ వేగం సుమారు 295 మెగాహెర్ట్జ్. మీ ల్యాప్‌టాప్‌ది 2 గిగాహెర్ట్జ్, అంటే 2000 మెగాహెర్ట్జ్ అన్నారు. అంటే దాదాపు ఏడు రెట్లు. అంత బలమున్నవాడు కూడా ఆయాసపడుతున్నాడంటే నెత్తిన మనకు కనిపించని బరువు ఏదో ఉందన్నమాట.

ఆ బరువు అనువాదం. ఆట కన్సోల్ భాషలో రాసి ఉంది. ల్యాప్‌టాప్ భాష వేరు. ఇద్దరి మధ్యా ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్ దుబాసీలా కూర్చుంటుంది.

నేనూ ఒకప్పుడు దుబాసీనే. నాకు పదేళ్లప్పుడు మా నాయనమ్మకు దూరాన ఉన్న స్నేహితురాలు పరాయి భాషలో ఉత్తరాలు రాసేది. నేను ఒక్కో మాటా నిఘంటువులో వెతికి తెలుగులో చెప్పేవాణ్ని. నాయనమ్మకేమో ఒకే ఉత్తరం రోజూ వినాలి. రోజూ అవే మాటలు, అదే వెతుకులాట. నాలుగో రోజు ఒక నోట్‌బుక్కు తెచ్చి అర్థమంతా తెలుగులో రాసి పెట్టుకున్నాను. ఆ తర్వాత గడగడా చదివేయడమే. నాయనమ్మ నా గొంతు వింటూ కళ్లు మూసుకునేది.

ఎమ్యులేటర్‌కూ ఈ రెండు దారులున్నాయి. ఆదేశం వచ్చిన ప్రతిసారీ అర్థం వెతుక్కునేది ఇంటర్‌ప్రెటర్. ఒకసారి అనువదించింది దాచుకుని మళ్లీ మళ్లీ వాడేది రీకంపైలర్. ఆటలో ఒకే ఆదేశాల ముక్క వేలసార్లు తిరిగి వస్తుంది కాబట్టి నోట్‌బుక్కు ఉన్నవాడిదే వేగం. సెట్టింగ్స్‌లో ముందు చూడాల్సింది రీకంపైలర్ ఆన్‌లో ఉందా అని.

నోట్‌బుక్కుకీ ఒక చిక్కుంది. ఒకసారి ఆ స్నేహితురాలు తన రాక తేదీ మారిందని రాసింది. నేను పాత పేజీయే చదివి నాయనమ్మను అనవసరంగా వాకిట్లో కూర్చోబెట్టాను. కొన్ని ఆటలు నడుస్తూనే తమ ఆదేశాలను తామే తిరగరాసుకుంటాయి. అప్పుడు రీకంపైలర్ ఆ పేజీ చించి కొత్తగా రాసుకోవాలి. అక్కడ కాస్త ఆలస్యం తప్పదు.

పైగా ప్లేస్టేషన్ 2లో మాట్లాడేవాళ్లు చాలామంది. ప్రధాన ప్రాసెసర్ పక్కన లెక్కలు చేసే రెండు వెక్టర్ యూనిట్లు, బొమ్మలు గీసే చిప్, శబ్దం చూసే చిప్. మొదటి మోడళ్లలో కంట్రోలర్ల వంటి పైపనులు చూసుకునే చిప్ ఏమిటో తెలుసా? అంతకుముందరి ప్లేస్టేషన్ ప్రాసెసరే! మనవడి ఇంట్లో తాత పని చేస్తున్నట్టు. వీళ్లందరి మాటలూ తాళం తప్పకుండా అనువదించాలి. ఒకరి మాట పూర్తయితే గానీ ఇంకొకరికి బదులు దొరకదు. అందుకే ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు, అంటే విడివిడిగా పనిచేసే నాలుగు భాగాలున్నా, పని నాలుగు సమాన వాటాలు కాదు. ఒక్కో కోర్ ఎంత చురుకైనదన్నదే ముఖ్యం.

తెర సెకనుకు 60 సార్లు మారే ఆటలో ఒక్కో ఫ్రేమ్‌కు, అంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. అది దాటితే బొమ్మ ఆగుతుంది, పాటలో ఖాళీలు పడతాయి. ఆ గరగర అదే.

ఇక బొమ్మల సంగతి. ఆ కన్సోల్‌లో చాలా ఆటలు 640 అడ్డం, 448 నిలువు చుక్కలతో బొమ్మ గీస్తాయి. అందంగా ఉంటుందని మీరు రిజల్యూషన్ మూడింతలు పెట్టారు. అటు మూడు, ఇటు మూడు, మొత్తం తొమ్మిది రెట్ల చుక్కలు! దాన్ని అసలు కొలతకు దించండి. గ్రాఫిక్స్ చిప్ బలహీనంగా ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇంత మేలు చేసే సెట్టింగ్ నాకు ఇంకోటి కనిపించలేదు. మెరుగులు దిద్దే ఫిల్టర్లు కూడా తీసేయండి. ఛార్జర్ పెట్టి ఆడండి, పవర్ సేవింగ్ ఆపండి, బ్రౌజర్ మూసేయండి, ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి గాలి ఆడకుండా చేయకండి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. ఫ్రేములు ఎగరగొట్టే సెట్టింగ్ మాత్రం ఆఖరి మార్గం. కథ మధ్యలో పేజీలు తిప్పేసినట్టుంటుంది, నాకు నచ్చదు.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఆట మీరు కొనుక్కున్న డిస్కుదే కావాలి. దాని వెనుక ఎందరో మనుషుల కష్టం ఉంది.

ఇంకొక్క వింత చెప్పి ఆపుతాను. పాత కన్సోల్ కూడా శత్రువులు గుంపుగా వస్తే కొన్ని ఆటల్లో ఆయాసపడేది, ఆట మందగించేది. నిజాయితీ గల ఎమ్యులేటర్ ఆ ఆయాసాన్నీ ఉన్నదున్నట్టు అనువదిస్తుంది! మరి మీకు కనిపించే నెమ్మది ఎవరిది? తెర మూలన వేగం శాతం చూపించే సెట్టింగ్ ఉంటుంది, ఆన్ చేయండి. 100 కన్నా తగ్గితే ఆ నెమ్మది మీ ల్యాప్‌టాప్‌ది. అంకె 100 దగ్గరే నిలిచి ఆట మాత్రం నెమ్మదిస్తే, అది చాలావరకు ఆ కన్సోల్‌దే. ఇన్నేళ్ల కిందటి ఆయాసం మీ కళ్లముందు మళ్లీ జరుగుతోందన్నమాట. ఎక్కువమంది శత్రువులు వచ్చే చోటుకు వెళ్లి ఆ అంకె మీదే కన్నేసి చూడండి. ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ
తాతయ్య