అడిగిన చోటికి రేడియో వచ్చిందా?

నాబ్‌ను వేళ్లతో తిప్పినంత కాలం రేడియోకు చెవే కాపలా. గరగర తగ్గి పాట తేటపడగానే చెయ్యి దానంతటదే ఆగేది. సాఫ్ట్‌వేర్ రేడియోలో, అంటే అందిన తరంగాల్లోంచి పాటను కంప్యూటర్ ప్రోగ్రామే లెక్కలతో తీసే రేడియోలో, నాబ్ ఉండదు, ఫ్రీక్వెన్సీ చెప్పే ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను మనకు బదులు స్క్రిప్టు (మనం రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం) మారుస్తుంటే వినే చెవి కూడా ఉండదు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

డిజిటల్ టీవీ కోసం తయారైన యూఎస్‌బీ డాంగిళ్లలోని ఆర్‌టీఎల్2832యూ చిప్, ముడి శాంపిళ్లను (అందిన తరంగాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలను) నేరుగా కంప్యూటర్‌కు పంపగలదని 2012లో ఔత్సాహికులకు తెలిసింది. ఈ డాంగిల్‌ను నెట్‌వర్క్ ద్వారా నడిపే ఆర్‌టీఎల్-టీసీపీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. ఫ్రీక్వెన్సీ మార్చమని దానికి చెప్పడానికి ఐదు బైట్లు చాలు. మొదటిది 1, అంటే ‘ఫ్రీక్వెన్సీ మార్చు’ అని. మిగతా నాలుగింటిలో హెర్ట్జ్ లెక్క. 100 మెగాహెర్ట్జ్ కావాలంటే 1, 5, 245, 225, 0 పంపాలి. నమ్మకం కుదరకపోతే 5ను 1,67,77,216తో, 245ను 65,536తో, 225ను 256తో గుణించి కూడి చూడండి, సరిగ్గా పది కోట్లు వస్తుంది.

ముచ్చటగానే ఉంది కానీ, ఆ ఐదు బైట్లకు జవాబు రాదు. ‘సరే, మారాను’ అని ఎవరూ చెప్పరు.

నేను రాసిన మొదటి స్కానింగ్ స్క్రిప్టు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా రెండేసి మెగాహెర్ట్జ్ చొప్పున జరుగుతూ, ఎక్కడెక్కడ స్టేషన్లున్నాయో గుర్తించాలి. బలమైన ప్రతి స్టేషనూ రెండుసార్లు కనిపించింది: ఒకసారి తన చోట, మళ్లీ సరిగ్గా రెండు మెగాహెర్ట్జ్ పైన. యాంటెన్నాను అనుమానించాను, డాంగిల్‌లో ఫ్రీక్వెన్సీని పట్టే ట్యూనర్‌ను తిట్టుకున్నాను. తప్పు నాదే. కొత్త ఫ్రీక్వెన్సీ దగ్గర ట్యూనర్ కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆలోగా శాంపిళ్ల ప్రవాహం ఆగదు. డాంగిల్ లైబ్రరీ మామూలుగా వాడే ఒక్కో బఫర్, అంటే శాంపిళ్లు పోగయ్యే తాత్కాలిక చోటు, 2,62,144 బైట్లు. ఒక్కో శాంపిల్‌కు రెండు బైట్ల చొప్పున, సెకనుకు 24 లక్షల శాంపిళ్ల వేగంతో అది నిండటానికి దాదాపు 55 మిల్లీసెకన్లు కావాలి. ఆ బఫర్‌లో సగం పాత చోటిది, సగం కొత్త చోటిది కావచ్చు. నా స్క్రిప్టు పాత సరుకుకు కొత్త చీటీ అంటించింది.

ఆదేశం పంపాక కాసేపు నిద్రపొమ్మని స్క్రిప్టుకు చెబితే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. స్క్రిప్టు నిద్రపోతున్నా శాంపిళ్ల క్యూ నిద్రపోదు. లేచాక చేతికి ముందుగా అందేవి పాత శాంపిళ్లే. చదివి పారేయడమే మందు. ఒకటి రెండు బఫర్లు వదిలేస్తే నా దయ్యపు స్టేషన్లు మాయమయ్యాయి.

కుదురుకున్నాక కూడా రేడియో కచ్చితంగా అడిగిన చోటే ఉండదు. ట్యూనర్ లెక్కలన్నీ 28.8 మెగాహెర్ట్జ్‌తో కంపించే స్ఫటికం మీద ఆధారపడతాయి. అది పది లక్షలకు 30 వంతులు తప్పితే, 100 మెగాహెర్ట్జ్ దగ్గర తేడా 3 కిలోహెర్ట్జ్. ఎఫ్‌ఎం పాటకు అదేమంత లెక్కలోది కాదు. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం 30 కిలోహెర్ట్జ్, అంటే 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ పూర్తిగా చేజారినట్టే. స్ఫటికం వేడెక్కే కొద్దీ ఈ తప్పు కూడా మారుతుంది. అందుకే డాంగిల్‌ను కొన్ని నిమిషాలు వేడెక్కనిచ్చి, ఫ్రీక్వెన్సీ కచ్చితంగా తెలిసిన ప్రసారంతో పోల్చి సవరణ ఇవ్వాలి.

నన్నడిగితే, హార్డ్‌వేర్‌ను ఎంత తక్కువగా కదిలిస్తే అంత మేలు. డాంగిల్ ఒకేసారి రెండు మెగాహెర్ట్జ్‌కు పైగా వెడల్పును చూపిస్తుంది. ఆ కిటికీ లోపల జరగడానికి శాంపిళ్లను లెక్కల్లోనే తిప్పితే చాలు, ఎదురుచూపు ఉండదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్‌పై ప్రసారం చేస్తూ తలపై నుంచి వెళ్తున్నప్పుడు, డాప్లర్ ప్రభావం వల్ల (దగ్గరికొచ్చే తరంగం ఫ్రీక్వెన్సీ పెరిగి, దూరమయ్యేది తగ్గి అందడం వల్ల) ఆ సంకేతం మొదట దాదాపు మూడున్నర కిలోహెర్ట్జ్ పైన కనిపించి, పది నిమిషాల్లో అసలు చోటుకు అంతే కిందికి జారుతుంది. స్క్రిప్టు కక్ష్య లెక్కలు చూసుకుంటూ క్షణక్షణం ఆ జారుడును సరిదిద్దుతుంది. ట్యూనర్ మాత్రం 145.5 దగ్గర కదలకుండా కూర్చుంటుంది.