గ్రహణవేళ చంద్రుడి ఎరుపు: అపోహలు - వాస్తవాలు

2025 సెప్టెంబరు 7 రాత్రి 11 గంటల నుంచి 82 నిమిషాల పాటు చంద్రుడు పూర్తిగా భూమి ప్రచ్ఛాయలో, అంటే నడిమి దట్టమైన నీడలో ఉన్నాడు. ఆకాశ పరిశీలన నేర్పే నన్ను, టెలిస్కోపు దగ్గరకు వచ్చినవారు ఎక్కువగా అడిగింది ఆ ఎరుపు గురించే.

అపోహ: భూమి సూర్యకాంతిని పూర్తిగా అడ్డుకుంటుంది కనుక, ఆ ఎరుపు చంద్రుడి సొంత వెలుగు.

వాస్తవం: చంద్రుడికి స్వయంప్రకాశం లేదు. భూమికి వాతావరణమే లేకపోతే ఆ సమయంలో చంద్రుడు దాదాపు కనిపించకుండా పోయేవాడు. భూమి అంచున ఉన్న గాలిని ఒరుసుకుంటూ సాగే సూర్యకిరణాలు వక్రీభవనం చెంది నీడలోకి వంగుతాయి. ఆ సుదీర్ఘ ప్రయాణంలో గాలి అణువులు నీలి కాంతిని పక్కలకు చెదరగొట్టగా, మిగిలిన ఎరుపు, నారింజ కాంతులు చంద్రుడిని చేరతాయి. ఆ రాత్రి గ్రహణం మధ్యకాలం 11.41కి. అప్పుడు ఘానాలో సూర్యుడు అస్తమిస్తున్నాడు, న్యూజిలాండ్‌లో ఉదయిస్తున్నాడు. అలాంటి ప్రాంతాల మీదుగా వచ్చిన సంధ్యాకాంతినే మనం చంద్రుడి మీద చూశాం.

అపోహ: ఎరుపు రంగు ఎక్కువగా వంగుతుంది కనుక అదొక్కటే చంద్రుడిని చేరుతుంది.

వాస్తవం: పాఠం చెప్పేవారి నోట కూడా విన్న మాట ఇది, అందుకే సరిదిద్దడం అవసరమనిపిస్తుంది. నిజానికి నీలం కంటే ఎరుపు రవ్వంత తక్కువే వంగుతుంది. తేడా తెచ్చేది పరిక్షేపణం, అంటే గాలి అణువులు కాంతిని చెదరగొట్టడం: తరంగదైర్ఘ్యం సగమైతే అది 16 రెట్లవుతుంది, నీలానికి తరంగదైర్ఘ్యం ఎరుపు కంటే తక్కువ కనుక అదే ఎక్కువగా చెదురుతుంది.

అపోహ: ప్రతి సంపూర్ణ గ్రహణంలోనూ ఎరుపు ఒకేలా ఉంటుంది.

వాస్తవం: 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో అగ్నిపర్వతం పేలి పైవాతావరణాన్ని సూక్ష్మకణాలతో నింపడంతో, 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు అసాధారణంగా నల్లబడ్డాడు. ఈ తేడాలను నమోదు చేయడానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త డాంజోన్ 0 నుంచి 4 వరకు ఒక కొలమానాన్ని రూపొందించారు.

అపోహ: ఆ ఎర్రని వెలుగు గర్భిణులపై పడితే బిడ్డకు గ్రహణమొర్రి వస్తుంది.

వాస్తవం: పెదవి రూపుదిద్దుకునేది గర్భం తొలి వారాల్లోనే; అప్పుడు రెండు వైపుల కణజాలం సరిగా కలవకపోతే మొర్రి ఏర్పడుతుంది. దానికి జన్యు కారణాలు, ఇతర కారణాలు ఉంటాయి గానీ గ్రహణంతో సంబంధం లేదు. రోజూ సాయంత్రం మన వాకిట్లో పడే ఎర్రటి ఎండ ఎంత సహజమో ఈ కాంతీ అంతే సహజం, పైగా దానికంటే ఎన్నో రెట్లు బలహీనం. పేరులోని పోలిక వల్ల తల్లి తనను తాను నిందించుకోవడం నన్ను బాధిస్తుంది. బిడ్డకు కావలసింది శస్త్రచికిత్స, అది అందుబాటులో ఉంది.

2028 డిసెంబరు 31 రాత్రి మన ఆకాశంలో సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. సంపూర్ణ దశ మొదలయ్యే, ముగిసే క్షణాల్లో బైనాక్యులర్‌తో నీడ అంచును చూడండి. అక్కడికి చేరే కాంతి ఎత్తులోని ఓజోన్ పొర గుండా వస్తుంది; ఆ పొర ఎరుపును కొంత పీల్చుకోవడం వల్ల అక్కడ సన్నని నీలి ఛాయ కనిపిస్తుంది.