క్లచ్ ప్లేట్లు మార్చే ముందు: పాత బుల్లెట్ ప్రైమరీ చైన్ మీద అపోహలు, వాస్తవాలు

పాలకొల్లు, రాజోలు వైపు నుంచి నా షెడ్డుకొచ్చే పాత బుల్లెట్ యజమానులు చాలామంది రోగమేంటో ముందే చెప్పేస్తారు: "క్లచ్ ప్లేట్లు పోయాయండీ, కొత్తవి వేసేయండి." విప్పి చూస్తే చాలాసార్లు ప్లేట్లు బాగానే ఉంటాయి. తేడా కేబుల్లోనో, ఆయిల్లోనో, చైన్లోనో ఉంటుంది. నేను చెప్పేది కాస్ట్ ఐరన్ ఇంజిన్, కుడికాలి గేరు ఉన్న నాలుగు గేర్ల బళ్ల గురించి. వీటిలో ఇంజిన్, గేర్‌బాక్స్, ఎడమవైపు చైన్ కేస్ మూడూ వేరు. ఇంజిన్ బలాన్ని క్లచ్‌కి చేర్చే ప్రైమరీ చైన్, క్లచ్ రెండూ ఆ చైన్ కేసులోనే ఉంటాయి. దేని ఆయిల్ దానిదే.

అపోహ: కిక్ జారుతోందంటే ప్లేట్లు అరిగిపోయినట్టే.

ఈ బండిలో కిక్ బలం గేర్‌బాక్స్ నుంచి క్లచ్ మీదుగా ఇంజిన్‌కి వెళ్తుంది. కాబట్టి క్లచ్ జారితే కిక్ జారే మాట నిజమే. కానీ కిక్ లోపలి పళ్లు అరిగినా అలాగే జారుతుంది. ఏదో తేల్చుకోవాలంటే, ఇగ్నిషన్ ఆపి, గేర్లో వేసి బండిని ముందుకు తోయండి. కంప్రెషన్ దగ్గర చక్రం గట్టిగా ఆగిపోతే క్లచ్ పట్టు బాగానే ఉంది, కిక్ వైపు చూడాలి. ఆగకుండా జారుకుంటూ పోతే క్లచ్చే.

క్లచ్ అని తేలినా ముందు కేబుల్ చూడండి. లివర్ దగ్గర 2-3 మి.మీ. ఖాళీ ఆట, అంటే తీగ బిగుసుకునే ముందు లివర్ వదులుగా కదిలే దూరం, ఉండాలి. అది లేకపోతే లోపలి రాడ్ ఎప్పుడూ ప్లేట్లని నెట్టుతూనే ఉంటుంది, ఎన్ని కొత్త ప్లేట్లు వేసినా కాలిపోతాయి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి కేబుల్ లోపల తుప్పు పడుతుంది. లివర్ వదిలినా తీగ పూర్తిగా వెనక్కి రాదు. చూడ్డానికి అచ్చం ప్లేట్లు పోయినట్టే ఉంటుంది.

తర్వాత ఆయిల్. కార్లకిచ్చే కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి ఆయిల్లో తడుస్తూ పనిచేసే ఈ తడి క్లచ్‌కి సరిపడవు. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, తడి క్లచ్ బళ్లకి సరిపడే ఆయిల్ గుర్తు) అని ఉన్నది పోయండి. తప్పు ఆయిల్ పోసి ఉంటే ప్లేట్లు పెట్రోల్‌తో కడిగి, సరైన ఆయిల్లో నానబెట్టి మళ్లీ బిగించి చూడండి. స్టీలు ప్లేట్లు నీలంగా కాలి వంగినా, ఫ్రిక్షన్ ప్లేట్లు నిజంగా పలచబడినా అప్పుడు మార్చండి.

అపోహ: క్లచ్ నొక్కినా న్యూట్రల్ పడట్లేదంటే ప్లేట్లు పాతబడ్డాయి.

ఇది జారడానికి సరిగ్గా వ్యతిరేక జబ్బు. కేబుల్ మరీ వదులైతే ప్లేట్లు పూర్తిగా విడిపోవు. స్ప్రింగుల బిగువులో తేడా ఉంటే ప్లేట్లని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు వంకరగా లేస్తుంది. కవర్ తీసి, ఒకరిని లివర్ నొక్కమని చూడండి. ఒకపక్క ముందు లేస్తుంటే ఆ పక్క స్ప్రింగు వదులుగా ఉన్నట్టు. మోత తగ్గుతుందని చైన్ కేసులో చిక్కటి గేర్ ఆయిల్ పోసినా ఇదే ఇబ్బంది. ఇక రాత్రంతా నిలబడ్డ బండిలో ప్లేట్లు అతుక్కోవడం మామూలే. పొద్దున్నే ఇగ్నిషన్ వేయకముందు క్లచ్ నొక్కిపట్టి రెండు మూడు కిక్కులు కొడితే విడిపోతాయి.

అపోహ: ప్రైమరీ చైన్ ఎంత బిగుతైతే అంత మంచిది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ ఇదే, ఎందుకంటే దీనివల్ల పోయేది చైన్ ఒక్కటే కాదు. బిగుతు చైన్ ఇంజిన్ మెయిన్ బేరింగునీ, గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగునీ ఎప్పుడూ లాగుతూ ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. పైవరస మధ్యలో వేలితో ఎత్తి దించితే సుమారు 6 మి.మీ. కదలాలి. ఒక్కచోట చూసి ఊరుకోవద్దు. చైన్ అంతటా సమానంగా అరగదు కాబట్టి నెమ్మదిగా తిప్పుతూ, బాగా బిగుతుగా ఉన్నచోట ఆ కొలత పెట్టండి. చైన్ బిగువు సరిచేసే టెన్షనర్ చివరిదాకా వచ్చేసిందంటే చైన్ మార్చాలి. అప్పుడు స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగాయేమో కూడా చూడండి.

కొన్ని పాత బ్రిటిష్ బళ్లలో ప్రైమరీ చైన్ సరిచేయడానికి గేర్‌బాక్స్‌నే వెనక్కి జరపాలి, ఆ తర్వాత వెనక చైన్ కూడా చూసుకోవాలి. మన బుల్లెట్లో గేర్‌బాక్స్ ఇంజిన్‌కే బోల్టులతో బిగించి ఉంటుంది. టెన్షనర్ తిప్పితే చాలు.

చైన్ మోత వినిపించగానే బిగించేవాళ్లు ముందు స్లో స్పీడ్ (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) సరిచేయండి. "డుగ్ డుగ్" బాగా వినపడాలని స్లో మరీ తగ్గిస్తే, ఒక్క సిలిండర్ ఇంజిన్ కొట్టే ప్రతి దెబ్బకీ చైన్ ఎగిరిపడుతుంది. కొంచెం పెంచగానే మోత అణిగితే చైన్ జోలికి పోనక్కర్లేదు.

అపోహ: సగం క్లచ్‌తో లాగిస్తే బండికేం కాదు.

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు ఎత్తు మీద సగం క్లచ్ తప్పదు. అది కొద్ది క్షణాలే. వరసలో నిలబడ్డంతసేపూ గేర్లో ఉంచి లివర్ పట్టుకుంటేనే ప్లేట్లు వేడెక్కేది. న్యూట్రల్లో వేయండి.

అపోహ: వరదలో మునిగిన బండికి ఇంజిన్ ఆయిల్ మారిస్తే సరిపోతుంది.

2022 జూలై వరదల తర్వాత లంక గ్రామాల నుంచి వచ్చిన బళ్లలో ఇదే చూశాను. ఇంజిన్ ఆయిల్ మార్చి, చైన్ కేస్ వదిలేశారు. కవర్ తీస్తే లోపల ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది, చైన్ లింకులకి తుప్పు పట్టింది. మునిగిన బండిని స్టార్ట్ చేయకముందే చైన్ కేస్ ఖాళీ చేసి, ప్లేట్లు విడదీసి తుడిచి, కొత్త ఆయిల్ పోయాలి. బండిని సెంటర్ స్టాండ్ మీద నిటారుగా నిలిపి, లెవెల్ స్క్రూ దగ్గర ఆయిల్ చెమర్చేదాకా పోస్తే చాలు.

అపోహ: చైన్ కేస్ కారుతుంటే నట్టు ఇంకా బిగించాలి.

ఆ కవర్‌ని పట్టి ఉంచేది మధ్యలో ఒకే నట్టు. అతిగా బిగిస్తే అల్యూమినియం కవర్ వంగి లీకు పెరుగుతుంది. రబ్బరు రింగు మార్చి, గాడి శుభ్రంగా తుడిచి, రింగు అంతటా సమంగా కూర్చుందో లేదో చూసి బిగించండి. పోయకుండానే లెవెల్ పెరుగుతూ ఉంటే మాత్రం క్రాంక్ దగ్గర సీలు పోయి ఇంజిన్ ఆయిల్ ఇటు వస్తోందని అర్థం. అప్పుడు కవర్ ఎన్నిసార్లు బిగించినా లాభం లేదు, ఇంజిన్ స్ప్రాకెట్ తీసి ఆ సీలు మార్చాల్సిందే.